మేస్త్రి నోరు

సోమవారం పొద్దున ఎనిమిది గంటలకు పద్నాలుగో నంబరు బస్సు డిపో గేటు దాటి లోపలికి వచ్చింది కానీ, ఆగాల్సిన చోట ఆగలేదు. మనిషి నడిచేంత వేగంతో, ఏ తొందరా లేనట్టు నీళ్ల తొట్టి పక్కనుంచి పోయి, పాత టైర్ల గుట్టను ఒరుసుకుని, స్టోరు గది గోడకు ముక్కు ఆనించి నిలబడింది. గోడ పెచ్చులు నాలుగు రాలాయి. డ్రైవరు కిందికి దిగి మోకాలు రుద్దుకుంటూ, "బ్రేకు తొక్కితే దూదిలో తొక్కినట్టుంది," అన్నాడు.

లోపల ప్రయాణికులు లేరు. మొదటి ట్రిప్పు ముగించుకుని, జనాన్ని స్టాండులో దింపేసి ఖాళీగా వచ్చింది. ఆ మాట తెలియగానే షెడ్డులో ఉన్నవాళ్లంతా ఒకేసారి ఊపిరి వదిలారు. ఆ తర్వాత, తప్పు ఎవరి నెత్తిన పడుతుందా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మేస్త్రి టార్చి తీసుకుని బస్సు కిందికి దూరాడు. బ్రేకుల పని మొత్తం ఆయన చేతి మీదే నడుస్తుంది. యాభై నాలుగేళ్ల మనిషి. చేతిలో ఎంత పనుందో నోట్లో అంత మాటుంది. షెడ్డులో అందరికీ పేర్లు పెట్టింది ఆయనే. కరెంటు పని చేసేవాడు ఉత్తి పుణ్యానికి భగ్గుమంటాడు కనక ఫ్యూజు. టైర్లు మార్చే భారీ మనిషి బుడగ. ఫోర్‌మన్ ఎదురుగా ఉంటే సార్, పక్కకు తిరిగితే తాటాకు. ఏడాదిన్నర కిందట బదిలీ మీద వచ్చిన ఓ సన్నటి మెకానిక్కు ఉన్నాడు. ఒక్కో నట్టు బిగించాక మూడుసార్లు వేళ్లతో తడిమి చూసుకుంటాడు. అతను నత్త.

వెనక ఇరుసు దగ్గర మేస్త్రి టార్చి ఆగిపోయింది. బ్రేకుకు గాలి మోసే రబ్బరు పైపును ఇరుసుకు తగలకుండా ఎత్తి పట్టే ఇనప క్లిప్పు ఒకటుంటుంది. అది వదులై పక్కకు జారిపోయింది. పైపు ఇరుసుకు రాసుకుని రాసుకుని బఠానీ గింజంత చిల్లు పడింది. ఆ క్లిప్పును మేస్త్రి గుర్తుపట్టాడు. గురువారం మధ్యాహ్నం దాన్ని పెట్టింది తనే. వేళ్లతో మర తిప్పి, స్పానరు కోసం చెయ్యి చాపుతుండగా భోజనం గంట మోగింది. అప్పుడే బుడగ మీద ఒక మంచి మాట తోచింది. అది పాతబడకముందే అనేయాలని పైకి లేచి వెళ్లాడు. తిరిగొచ్చాక ఇంకో చక్రం మొదలుపెట్టాడు.

ఆయన బయటికి వచ్చి, క్లిప్పు జారి పైపుకు చిల్లు పడిందని మాత్రం చెప్పాడు. ఫోర్‌మన్ ఏ పని ఎవరు చేశారో రాసే జాబ్ కార్డు పట్టుకుని నిలబడి ఉన్నాడు. దాని మీద రెండు సంతకాలున్నాయి, ఒకటి మేస్త్రిది, ఒకటి నత్తది. ఫోర్‌మన్ రెండో సంతకం మీద వేలు పెట్టి, "ఇది నువ్వే కదా చేసింది?" అని నత్తను అడిగాడు.

నత్త మేస్త్రి వైపు చూశాడు. తర్వాత నేల వైపు చూశాడు.

"నత్త వేసిన క్లిప్పు కదా సార్, అదీ మెల్లగానే జారుంటుంది," అన్నాడు ఫ్యూజు.

అందరూ నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాడు. ఇరవై ఏళ్ల అలవాటు, ఎవరన్నా మాట విసిరితే మూతి దానంతటదే విచ్చుకుంటుంది. నవ్వు సగంలో ఉండగానే, చెప్పాల్సిన మాట చెప్పే సమయం దాటిపోయిందని ఆయనకు తెలిసింది.

"వారం రోజులు బస్సు మీద చెయ్యి వేయకు. సామాన్లు కడుగుతూ కూర్చో," అని ఫోర్‌మన్ వెళ్లిపోయాడు.

సామాన్లు కడిగే తొట్టి షెడ్డు వెనక, రేకుల నీడలో ఉంటుంది. విప్పిన భాగాలన్నీ అందులో డీజిలు పోసి బ్రష్షుతో తోమాలి. ఆ పని ఎవరూ కోరి చేయరు. గోళ్ల సందుల్లోకి, అన్నం ముద్దలోకి కూడా ఆ వాసన వస్తుంది. మధ్యాహ్నం మూడింటికి మేస్త్రి ఏదో వెతుక్కుంటున్నట్టు అటు వెళ్లాడు. నిజానికి వెతుక్కుంటున్నది నత్తలో ఒక తప్పు. ఒక్కటి దొరికినా తన తప్పు కాస్త చిన్నదవుతుందని ఆశ.

"ఆ వెనక చక్రం ఎక్కించింది నువ్వే కదా. పైపు చూడలేదా?" అన్నాడు.

"శనివారం సాయంత్రం చూశాను మేస్త్రీగారూ," అన్నాడు నత్త. "ఇరుసుకు రాసుకుంటున్నట్టు అనిపించింది."

మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. "చూసి కూడా చెప్పలేదా? నోట్లో ఏం పెట్టుకున్నావు?"

నత్త బ్రష్షును తొట్టి అంచు మీద పెట్టాడు. కోపం తెచ్చుకోలేదు. ఎండ గురించో వాన గురించో చెబుతున్నట్టు చెప్పాడు.

"ఎండాకాలంలో ఒక బస్సు చక్రంలో చప్పుడొస్తోందని మీకు చెప్పాను. విప్పి చూస్తే ఏమీ లేదు. తెల్లారి మీరు రబ్బరు గొట్టం చెవుల్లో పెట్టుకుని బస్సుకు నాడి చూశారు. పేషెంటు బానే ఉన్నాడు, డాక్టరుకే జబ్బు, అన్నారు. అందరూ వారం రోజులు నవ్వారు. మా వీధిలో ఉండే కండక్టరు దాన్ని మా ఇంటి దాకా మోశాడు. నిన్ను అక్కడ నత్త అంటారట నిజమేనా అని మా ఆవిడ అడిగింది. లేదన్నాను."

మేస్త్రి తొట్టిలోంచి ఒక బోల్టు తీసి అటూ ఇటూ తిప్పాడు.

"శనివారం చెబుదామనే మీ దగ్గరికి వచ్చాను. మీరు బుడగన్నను ఏదో అంటున్నారు, చుట్టూ జనం. ఒకవేళ పైపు బానే ఉంటే మళ్లీ నాడి చూస్తారేమో అనిపించి వెనక్కి పోయాను. నిన్న సెలవంతా మనసు మనసులో లేదు. ఇవాళ ఏమైతే అదయిందని గంట ముందే వచ్చాను. అప్పటికే బస్సు వెళ్లిపోయింది." అతను మళ్లీ బ్రష్షు అందుకున్నాడు. "తప్పు నాదీ ఉంది మేస్త్రీగారూ. నవ్వుతారని భయపడి జనాన్ని ఎక్కించి పంపాను."

ప్రతిదానికీ ఒక జవాబుండే మేస్త్రి, చేతిలో లేని వస్తువేదో జేబులో పెట్టుకుంటున్నట్టు చెయ్యి ఆడించి వెళ్లిపోయాడు.

ఇంటికి వచ్చేసరికి భార్య కుట్టుమిషను ముందు కూర్చుని జాకెట్టుకు చేతులు అతుకుతోంది. ఆయన చేతులు కడుక్కుని, పీట వాల్చుకుని, పెట్టింది తిన్నాడు. ఉప్పు తక్కువైందని అనలేదు. ఎదురింటాయన కొత్త మీసం గురించి అనలేదు. ఆమె మిషను ఆపి, వెనక్కి తిరిగి, చేత్తో ఆయన నుదురు ముట్టుకుంది.

"జ్వరం లేదే. ఏమయ్యా, రేడియో ఆగిపోయింది?"

"కలెక్టరుగారూ, ఒక మాట అడుగుతాను, నిజం చెప్పాలి," అన్నాడు. పెళ్లైన కొత్తలో ఇంటి ఖర్చు మీద ఆమె వేసిన ప్రశ్నలకు తట్టుకోలేక పెట్టిన పేరది. "నేను కలెక్టరంటే నీకు కష్టంగా ఉంటుందా?"

"ఇరవై ఎనిమిదేళ్ల తర్వాతా అడగడం?" ఆమె నవ్వింది. "ఎందుకు కష్టం? నేను నిన్ను రేడియో అంటాను కదా. చెల్లుకు చెల్లు."

అప్పుడు ఆయన పొద్దుటి నుంచీ జరిగినదంతా చెప్పాడు. తను నవ్విన సంగతి దగ్గర గొంతు తగ్గింది. ఆమె దారం పంటితో తెంపి, అంతా విని, ఒక్కటే అడిగింది.

"నువ్వతన్ని నత్త అంటే, అతను నిన్నేమంటాడు?"

"మేస్త్రీగారూ అంటాడు."

ఆమె మిషను వైపు తిరిగింది.

మంగళవారం టీ తాగే వేళకు మేస్త్రి ఫోర్‌మన్ గదిలోకి వెళ్లాడు.

"సార్, ఆ క్లిప్పు పెట్టింది నేను. స్పానరుతో బిగించలేదు."

"కార్డు మీద రెండు సంతకాలున్నాయి కదా."

"సంతకాలు రెండున్నాయి. చెయ్యి మాత్రం నాదే."

ఫోర్‌మన్ గ్లాసు కింద పెట్టాడు. "మరి నిన్న నోరెందుకు విప్పలేదు?"

"నిన్న ధైర్యం చాలలేదు సార్."

ఇలాంటి మాట ఆ నోట్లోంచి వస్తుందని ఫోర్‌మన్ ఎన్నడూ అనుకోలేదు. అందులో తన మీద వ్యంగ్యం ఏమన్నా ఉందేమోనని ఒక క్షణం వెతికాడు. దొరక్కపోయేసరికి విసుక్కున్నాడు. "రిపోర్టు పైకి వెళ్లిపోయింది. మళ్లీ రాయడం నా వల్ల కాదు. వారమే కదా, అక్కడే ఉండనీ. మిగతావాళ్లకూ బుద్ధొస్తుంది."

"బుద్ధి రావాల్సింది నాకు సార్. అయితే నన్నూ అక్కడే వేయండి."

"నువ్వు తొట్టి దగ్గర కూర్చుంటే బ్రేకులు ఎవరు చేస్తారు?"

"పొద్దున బ్రేకులు చూస్తాను. మధ్యాహ్నం సామాన్లు కడుగుతాను."

"ఏమన్నా చేసుకో. రిపోర్టు సంగతి రేపు చూద్దాం," అన్నాడు ఫోర్‌మన్.

మేస్త్రి బయటికి వచ్చి, టీ గ్లాసులతో నిలబడ్డ నలుగురి మధ్యకు వెళ్లి, "నిన్నటి క్లిప్పు నాది. నేనే సరిగ్గా బిగించలేదు," అన్నాడు. ఎవరూ నవ్వలేదు, జాలీ పడలేదు. మాటకు రెండో సగం వస్తుందని, అక్కడ నవ్వాలని ఆగారు. రెండో సగం రాలేదు. బుడగ ఇబ్బందిగా టీ ఊదుకున్నాడు.

ఆ మధ్యాహ్నం మేస్త్రి తొట్టి దగ్గర ఇంకో పీట వేసుకుని కూర్చున్నాడు. "తమ్ముడూ, ఆ బ్రష్షు ఇలా ఇవ్వు," అన్నాడు. అవతలి మనిషి చుట్టూ చూశాడు, ఇంకెవరన్నా వచ్చారేమోనని. తర్వాత బ్రష్షు ఇచ్చాడు. మేస్త్రే నత్త అనడం మానేశాక మనకెందుకు ఆ పేరు. మనమూ తమ్ముడనే అందాం.

ఇద్దరూ చాలాసేపు తోమారు. బేరింగు గుండ్ల మధ్య చేరిన పాత గ్రీజును తమ్ముడు పుల్లకు గుడ్డ చుట్టి తీస్తుంటే మేస్త్రి చూస్తూ ఉండిపోయాడు. ఒక్కో గుండును వేలితో తిప్పి, వెలుగుకు పట్టి, గీత పడిందేమో చూసి పక్కన పెడుతున్నాడు. అందులో మందకొడితనం లేదు. పాపాయికి స్నానం చేయిస్తున్నంత శ్రద్ధ ఉంది.

"ఎక్కడ నేర్చుకున్నావిది?" అని అడిగాడు.

"మా మామయ్య దగ్గర. ఆయన గడియారాలు బాగుచేసేవాడు. చేత్తో చూడనిదే కంటిని నమ్మొద్దనేవాడు."

ఏడాదిన్నరలో మేస్త్రి అతన్ని అడిగిన మొదటి మామూలు ప్రశ్న అది.

బుధవారం షెడ్డులో కొత్త కబురు పుట్టింది. మేస్త్రికి గుండెలో ఏదో ఉందని డాక్టరు చెప్పాడట, అందుకే మెత్తబడ్డాడట. కాదు, కూతురి సంబంధం కోసం మంచివాడనిపించుకుంటున్నాడట. ఆయనకు కూతురు లేదన్న సంగతి ఎవరికీ అడ్డం రాలేదు. ఫ్యూజు మాత్రం ఖాళీ అయిన కుర్చీలో కూర్చున్నట్టు, మేస్త్రి చేసే పని తను అందుకున్నాడు. "తొట్టిలో ఇద్దరు నత్తలు. పెద్ద నత్త, చిన్న నత్త," అన్నాడు. గొంతు, చెయ్యి తిప్పడం, చివర్లో ఆగి కనుబొమ్మ ఎగరేయడం, అన్నీ అచ్చం మేస్త్రివే. ఇంత బాగా ఎప్పుడు నేర్పాను వీడికి అనుకున్నాడు మేస్త్రి. తిరిగి అనడానికి నాలుక కొసన మూడు మాటలు సిద్ధంగా ఉన్నాయి. మూడూ ఒకదాన్ని మించినది ఒకటి. నీళ్లు తాగి మింగేశాడు.

షెడ్డులో ఎవరి పెట్టెకు వాళ్లు తాళం వేసుకుంటారు. ఒకరి స్పానరు ఇంకొకరు అడిగితే లేదనడం ఆచారం. బుధవారం మేస్త్రి తన పెట్టె మూత తెరిచి వదిలేశాడు. సాయంత్రానికి పెద్ద నట్లు విప్పే సాకెట్టు కనిపించలేదు. పంతొమ్మిదేళ్లుగా చేతిలో అరిగిన వస్తువు. ఎవరు తీశారని కేకేయాలని నోటి దాకా కోపం వచ్చింది. ఆ రోజు మిగతా పని పానాతో చేసుకున్నాడు, మణికట్టు నొప్పి పుట్టేదాకా. గురువారం పొద్దున చూస్తే సాకెట్టు పెట్టెలోనే ఉంది. ఎవరో శుభ్రంగా తుడిచి కూడా పెట్టారు. ఎవరని ఆయన అడగలేదు.

ఆ సంతోషంలోనే నోరు జారింది. బుడగ జాకీ మీద బరువంతా వేసి ఆనుకోవడం చూసి, "ఒరే, బస్సును లేపమన్నాను గాని, జాకీని భూమిలోకి దించమన్నానా? ఇంకాస్త ఆనుకుంటే బావి పడుతుంది," అన్నాడు. షెడ్డంతా పగలబడి నవ్వింది. మూడు రోజులుగా బిగబట్టిన నవ్వంతా బయటపడింది. ఫ్యూజు తొడ మీద చరుచుకున్నాడు. పాత మేస్త్రి తిరిగొచ్చాడని అందరికీ హాయిగా ఉంది. మేస్త్రికీ హాయిగానే ఉంది, అదే ఆయన్ని భయపెట్టింది. తొట్టి దగ్గర మనిషి తలెత్తకుండా తోముతున్నాడు. బుడగ నవ్వుతూనే చొక్కా కిందికి లాక్కున్నాడు. ఆ లాక్కోవడం మేస్త్రి ఇంతకుముందు వెయ్యిసార్లు చూసి ఉంటాడు. చూశానని ఇవాళే తెలిసింది.

సాయంత్రం గేటు దగ్గర బుడగను ఆపాడు. "ఇందాక అన్నది తప్పు బావా. ఏమనుకోకు."

"ఛ, నువ్వనకపోతే నాకు తోచదు మేస్త్రీ," అన్నాడతను. నాలుగడుగులు వేసి ఆగాడు. "మా చిన్నది కూడా బుడగ నాన్న అంటుంది. దాని నోట ముద్దుగానే ఉంటుందనుకో." ఇంకేదో చెప్పబోయి, బస్సు వస్తోందని పరుగెత్తాడు.

శుక్రవారం మేస్త్రి మళ్లీ వెళ్లి ఫోర్‌మన్ బల్ల ముందు నిలబడ్డాడు. ఫోర్‌మన్ చివరికి రిపోర్టు మార్చి రాశాడు. మేస్త్రికి మెమో వచ్చింది. తమ్ముడు తొట్టి దగ్గర్నుంచి బస్సుల దగ్గరికి వచ్చాడు.

శనివారం పొద్దున తొమ్మిదింటి బస్సు బయలుదేరడానికి పది నిమిషాలుంది. మేస్త్రి స్వయంగా వెనక కుడి చక్రం బిగించి, చేతులు తుడుచుకుంటున్నాడు. డ్రైవరు ఇంజను వేశాడు. అప్పుడు తమ్ముడు వచ్చి పక్కన నిలబడ్డాడు. గుడ్డను రెండు చేతుల్లో నలుపుతున్నాడు.

"మేస్త్రీగారూ, చక్రం పట్టుకుని ఊపితే లోపల కొద్దిగా ఆడుతున్నట్టు అనిపించింది. నాకలా అనిపించిందంతే."

తను బిగించిన చక్రం, అందరి ముందూ. ఫ్యూజు అప్పటికే చేతిలో పని వదిలేసి ఇటు తిరిగాడు. మేస్త్రికి ఆ నట్టు ఎంత బిగువుందో తన పళ్ల బిగువంత బాగా తెలుసు. అయినా గురువారం క్లిప్పు సంగతీ అంతే బాగా తెలుసనుకున్నాడు ఒకప్పుడు.

"ఇంజను ఆపు," అన్నాడు డ్రైవరుతో. "బావా, జాకీ తీసుకురా. విప్పుదాం."

చక్రం దింపారు. మూత తీశారు. లోపలి నట్టు, దాన్ని కదలకుండా పట్టే రేకు, బేరింగు, అన్నీ ఒకటొకటిగా చూశారు. తమ్ముడు తన పద్ధతిలోనే మూడేసిసార్లు తడిమాడు. మేస్త్రి తొందరపెట్టలేదు. తొమ్మిది దాటింది. తొమ్మిదీ పావైంది. స్టాండు నుంచి ఫోను మీద ఫోను.

అంతా సరిగ్గా ఉంది. ఎక్కడా పిసరంత తేడా లేదు.

తమ్ముడి మొహం సున్నం కొట్టినట్టయింది. అందరికీ తెలుసు, ఇప్పుడొక మాట పడుతుంది. మేస్త్రి అనకపోతే ఫ్యూజు అంటాడు. ఫ్యూజు నోరు తెరిచాడు కూడా. ముందు మేస్త్రి ఏమంటాడోనని ఆయన వైపు చూశాడు.

మేస్త్రి నట్టు మళ్లీ బిగించి, రేకు అంచు వంచి, చేతులు తుడుచుకుని లేచాడు.

"బాగానే ఉంది తమ్ముడూ. ఇందాక బాగుందని నేను అనుకున్నాను. ఇప్పుడు ఇద్దరికీ తెలుసు," అన్నాడు. "మళ్లీ అనుమానమొస్తే మళ్లీ చెప్పు."

ఫ్యూజు తెరిచిన నోరు అలాగే కాసేపు ఉంచి, మూసుకున్నాడు.

ఫోర్‌మన్ తాటాకులా చప్పుడు చేసుకుంటూ వచ్చాడు. "తొమ్మిదింటి బస్సు ఎవరాపారు? అక్కడ జనం నన్ను తింటున్నారు."

"నేనే ఆపాను సార్. చక్రం ఇంకోసారి చూసుకున్నాం."

"ఏముంది అందులో?"

"ఏమీ లేదు సార్."

"ఏమీ లేనిదానికి అరగంటా?" అని మొదలుపెట్టి ఫోర్‌మన్ అయిదు నిమిషాలు తిట్టాడు. మెమో వచ్చిన మర్నాడే ఇదేమిటన్నాడు. వయసు మీద పడిందన్నాడు. మేస్త్రి చేతులు వెనక్కి కట్టుకుని అంతా విన్నాడు. పక్కన నిలబడ్డ మనిషి రెండుసార్లు నోరు విప్పబోతే మోచేత్తో తట్టి ఆపాడు. బస్సు వెళ్లిపోయింది. ఫోర్‌మన్ కూడా వెళ్లిపోయాడు.

"నా మూలంగా మాటలు పడ్డారు," అన్నాడు తమ్ముడు.

"మాటలకేం. ఇన్నేళ్లు నేనన్నవాటి ముందు అవెంత," అన్నాడు మేస్త్రి. అతను నవ్వాడు. ఆ మనిషికి ముందు పన్ను ఒకటి కాస్త వంకరని మేస్త్రి అప్పుడే చూశాడు.

ఎవరి పనిలోకి వాళ్లు వెళ్లారు. పావుగంట తర్వాత టైర్లాయన వచ్చి మేస్త్రి పక్కన నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"మేస్త్రీ, అదిగో ఆ చివరి బస్సు. ముందు ఎడమ టైరు లోపలివైపు ఒకే పక్క అరుగుతోంది. పది రోజులుగా చూస్తున్నా. టైరు తప్పు కాదు, పైన ఇంకేదో ఉందనిపిస్తోంది." ఆగి, వెంటనే అన్నాడు, "ఏమీ ఉండకపోవచ్చు కూడా."

"పది రోజులా," అనబోయి మేస్త్రి ఆ మాటను అక్కడే ఆపాడు. "పద బావా, చూద్దాం. తమ్ముడూ, నువ్వూ రా. నీ వేళ్లు కావాలి."

ముగ్గురూ బస్సు కిందికి దూరారు. లోపల చీకటిగా ఉంది. టైర్లాయన చూపించిన చోటికి తమ్ముడు చెయ్యి పోనిచ్చి, కళ్లు మూసుకుని తడుముతున్నాడు. మేస్త్రి టార్చి కోసం జేబు తడుముకుంటుండగా పక్కనుంచి వెలుగు పడింది. వైరుకు కట్టిన పెద్ద దీపం పట్టుకుని, కడుపు మీద పాకుతూ ఫ్యూజు లోపలికి వస్తున్నాడు. ఎవరూ పిలవలేదు. మొహం మటుకు ఎప్పటిలాగే చిటపటలాడుతోంది.

"ఇక్కడ పట్టుకోనా," అన్నాడు, "ఇంకాస్త ముందుకు జరపనా?"